‘సూపర్’ అనే ముందు ఒక్క ప్రశ్న

ఆదివారం తెల్లవారకముందే శామీర్‌పేట చెరువు కట్ట మీద కెమెరాలు కనబడతాయి. బారెడు పొడవు లెన్సులు, మూడు కాళ్ల స్టాండ్లు, ఫ్లాస్కులో టీ. మధ్యాహ్నానికల్లా ఆ ఫోటోలు ఫోన్లకెక్కుతాయి. సాయంత్రానికి వాటి కింద చప్పట్ల బొమ్మలూ, దండాల బొమ్మలూ, ‘సూపర్ అన్నా’, ‘కేక సర్’ అన్న మాటలూ పేరుకుపోతాయి. తీసినవారికి సంతోషం, చూసినవారికి మర్యాద తీర్చుకున్న తృప్తి. వారం తిరిగి అదే కట్ట మీదికి వచ్చిన ఫోటోగ్రాఫర్ మాత్రం అదే చోట నిలబడి, అదే తెల్లకొంగను, అదే తప్పుతో తీస్తాడు. తప్పు ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు మరి. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల చెరువులూ తుమ్మచెట్లూ బండరాళ్లూ ఇంకా మిగిలి ఉన్నందువల్ల, నగరం నుంచి గంటలోపు వచ్చి పక్షులను ఫోటో తీసే అవకాశం ఇక్కడ ఉంది. తీసేవాళ్లు ఏటా పెరుగుతున్నారు. తీసినదాన్ని చూసి నాలుగు మంచి మాటలు, రెండు పనికొచ్చే మాటలు చెప్పేవాళ్లే కరువయ్యారు. ప్రకృతి ఫోటోను విమర్శించేవారు ముందుగా అందులోని ప్రాణి గురించి మాట్లాడాలనీ, ఆ తర్వాతే వెలుతురు గురించీ కూర్పు గురించీ మాట్లాడాలనీ నా వాదన. ఈ వరుస తప్పితే విమర్శ పొగడ్త అయినా అవుతుంది, దెప్పిపొడుపు అయినా అవుతుంది. ఫోటోగ్రాఫర్‌కు మాత్రం ఏమీ మిగలదు.

ముందు ‘విమర్శ’ అన్న మాటనే కాస్త శుభ్రం చేసుకోవాలి. మన రాజకీయాల పుణ్యమా అని అది తిట్టుకు మారుపేరైంది. ‘ప్రతిపక్షం విమర్శించింది’ అంటే దుమ్మెత్తిపోసిందనే అర్థం. నిజానికి ఆ మాటకు అర్థం బాగా ఆలోచించి, పరీక్షించి చూడటం. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ‘కవిత్వతత్త్వవిచారము’ అచ్చువేసినప్పుడు పింగళి సూరన కావ్యాన్ని తీసుకుని కథ ఎలా కట్టాడు, పాత్రలు ఎలా నడిచాయి అని విచారించాడు. ఆ పుస్తకం పేరులోనే ‘విచారము’ ఉంది. మన అవధాన సభ ఇంకా మంచి నమూనా. అక్కడ పృచ్ఛకుడు అవధానికి ఎదురుగా కూర్చుని, నిషిద్ధాక్షరిలో అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతాడు. అయినా దాన్ని ఎవరూ అవమానంగా చూడరు, పద్యం బయటికి వచ్చే దారే అది. పృచ్ఛకుడికి ఉండాల్సిన అర్హత ఒక్కటే: అతనికి ఛందస్సు తెలియాలి. తర్వాత ఏ అక్షరం రాబోతోందో ఊహించగలిగితేనే అతడు దాన్ని నిషేధించగలడు. ప్రకృతి ఫోటోకూ ఒక ఛందస్సు ఉంది. అది పక్షి నడవడి, దాని రుతువు, దాని తిండి, దాని భయం. అది తెలియనివాడు వేసే ప్రశ్న ఫోటోను తాకనే తాకదు.

పనికొచ్చే మాటకూ పనికిరాని మాటకూ తేడా ఏమిటో ఒక మామూలు ఫోటోతో చూద్దాం. చెరువు అంచున తుంగ పక్కన తెల్లకొంగ నిలబడి ఉంది, వెనక నీరు ముదురుగా ఉంది, ఎండ పడుతోంది. ఫోటోలో కొంగ తెల్లగా మెరిసిపోతోంది, అంతే. వీపు మీద ఈకలు ఒక్కటీ విడిగా కనబడవు. సున్నం కొట్టిన గోడలా ఉంది. దీన్ని చూసి ‘లైటింగ్ సరిగా లేదు’ అనడం సులువు. ఆ మాట విన్నవాడు వచ్చే వారం ఏం మార్చుకోవాలి? సూర్యుణ్ని మార్చుకోలేడు కదా! అదే మాటను, ‘అన్నా, కొంగ వీపు మీద ఈకల గీతలు పోయినయ్. చుట్టూ నీళ్లు నల్లగున్నయ్ కాబట్టి కెమెరా మొత్తం చీకటనుకొని వెలుతురు పెంచేసినట్టుంది. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించి చూస్తే?’ అని చెబితే చేతికి ఒక పనిముట్టు ఇచ్చినట్టే. ఇందులో ఏం కనబడుతోందో ఉంది, ఎందుకు అలా అయిందో ఒక ఊహ ఉంది, ఈసారి ఏం చేయవచ్చో ఉంది. తెలుపు పూర్తిగా ఎగిరిపోయిన చోట తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ఎంత గింజుకున్నా ఈకలు తిరిగి రావు కాబట్టి, ఆ నిర్ణయం కట్ట మీదే జరగాలి. తెల్లటి ఆకాశం ముందు రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకి విషయంలో వ్యవహారం తిరగబడుతుంది. కెమెరా వెలుతురు తగ్గించేస్తుంది, పక్షి బొగ్గుముక్క అవుతుంది. అక్కడ ఒక మెట్టు పెంచాలి.

చోటు ఎరిగి చెప్పడం కూడా ఇందులో భాగమే. పక్షి కంటి ఎత్తులోకి దిగి తీయమని ప్రతి పాఠంలోనూ చెబుతారు, అది మంచి సలహాయే. కానీ కట్ట మీద నిలబడి తీసినవాడికి నీరు చాలా కింద ఉంటుంది. అక్కడ బోర్లా పడుకున్నా కోణం పెద్దగా మారదు. అతనికి చెప్పాల్సింది కట్ట దిగి, నీరు పలుచబడే అంచు వైపు నడిచి వెళ్లి, అక్కడ కూర్చుని పక్షే దగ్గరికి వచ్చేదాకా ఆగమని. పుస్తకంలో చదివిన సూత్రాన్ని ఈ చెరువుకు అన్వయించి చెప్పలేనివాడు సూత్రం చెప్పకపోయినా నష్టం లేదు.

ఇక ప్రాణి గురించిన తెలివి. లకుముకి పిట్ట చేపను కొట్టే క్షణంలో తీసిన ఫోటోలో కన్ను పాలిపోయి, పొర కమ్మినట్టు కనబడవచ్చు. ‘కన్ను మీద ఫోకస్ తప్పింది’ అని తొందరపడి అనేస్తాం. పక్షులకు మూడో రెప్ప ఉంటుంది. నీటిని ఢీకొనేటప్పుడు లకుముకి ఆ పల్చటి పొరను కన్ను మీదికి లాక్కుంటుంది. ఫోటోగ్రాఫర్ పట్టుకున్నది లోపాన్ని కాదు, కంటికి అందని ఒక రక్షణ కవచాన్ని. అలాగే వానాకాలంలో గిజిగాడి ఫోటోలో గూడు సగమే అల్లి, గడ్డిపోచలు వేలాడుతూ ఉంటే, ‘పూర్తయ్యాక తీస్తే నీట్‌గా ఉండేది’ అంటారు. సగం అల్లిన గూటి కిందే మగ గిజిగాడు రెక్కలు ఆడిస్తూ ఆడపక్షిని పిలుస్తాడు. ఆమె వచ్చి గూడు చూసి మెచ్చాకే మిగతాది అల్లుతాడు. కథంతా ఆ సగం గూట్లోనే ఉంది. పక్షి గురించి తెలియని విమర్శ ఇలా ఉత్తమమైన ఫోటోను చెత్తబుట్ట వైపు నెడుతుంది.

దానికి వ్యతిరేకమైనది ఇంకా ప్రమాదకరం: చెడ్డపనితో వచ్చిన ఫోటోను మెచ్చుకోవడం. తీతువు పిట్టను తీసుకోండి. మేడ్చల్ చుట్టూ ప్లాట్ల కోసం చదును చేసి వదిలేసిన నేలలు దీనికి ఇష్టం. గూడంటూ కట్టదు. వట్టి నేల మీద చిన్న గుంట చేసి, చుట్టూ గులకరాళ్లు పేర్చి, మట్టిరంగు మీద నల్లమచ్చలున్న మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. మనిషి కాలి పక్కనే ఉన్నా ఆ గుడ్లు కనబడవు. ఎండాకాలంలో తల్లీతండ్రీ వంతులవారీగా గుడ్ల మీద నిలబడి నీడ పడతాయి; చెరువుకు వెళ్లి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. ఎవరైనా దగ్గరికి వస్తే అరుచుకుంటూ పైకి లేచి, రెక్కలు చాచి మీదికి దూకుతాయి. ఇప్పుడు ఫోటో చూడండి: రెక్కలు పూర్తిగా విచ్చుకుని, నోరు తెరిచి, కళ్లలో కోపంతో, ఫ్రేము నిండా తీతువు. చూడటానికి అద్భుతం. ‘ఏం యాక్షన్ సర్!’ అని వంద మంది అంటారు. ఆ భంగిమ చెబుతున్న వాస్తవం వేరు. ఫోటోగ్రాఫర్ గుడ్లకు బాగా దగ్గరగా వెళ్లాడు, తల్లి గుడ్ల మీద నుంచి లేచింది, మే నెల ఎండ గుడ్ల మీద పడుతోంది. ఆయన అక్కడ నిలబడిన ప్రతి నిమిషం ఆ గుడ్లకు లెక్కే. ఈ ఫోటోకు తగిన విమర్శలో షట్టర్ స్పీడు ప్రస్తావన రానక్కర్లేదు. ‘సర్, ఈ పిట్ట బెదిరింది, దగ్గర్లో గుడ్లు ఉండి ఉంటాయి, ఈ ఫోటోను ఎవరికీ చూపించకండి, చూసినవాళ్లు ఇలాగే తీయాలనుకుంటారు’ అని చెప్పగలగాలి. గూళ్ల ఫోటోలను, పక్షి కూతను స్పీకర్లో వినిపించి రప్పించిన ఫోటోలను చాలా పక్షి ప్రేమికుల బృందాలు ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

ప్రాణి గురించి అడిగే ప్రశ్నకు ఎంత బలముందో ప్రపంచంలోకెల్లా పేరున్న పోటీలోనే రుజువైంది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం ఏటా ఇచ్చే ‘వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్’ బహుమతి 2009లో ఒక స్పానిష్ ఫోటోగ్రాఫర్‌కు వచ్చింది. రాత్రివేళ ఒక తోడేలు పొలం గేటు మీదుగా దూకుతున్న ఫోటో అది. వెలుతురు, కూర్పు, సమయం, ఏ లెక్కన చూసినా వంక పెట్టలేనిది. తోడేళ్ల గురించి తెలిసినవాళ్లకు మాత్రం అనుమానం వచ్చింది: గేటు కమ్ముల మధ్య నుంచి దూరిపోగలిగిన అడవి తోడేలు అంత శ్రమపడి పైనుంచి ఎందుకు దూకుతుంది? దానికి తోడు, ఆ తోడేలు మాడ్రిడ్ దగ్గరి ఒక జంతు పార్కులో పెంచిన మచ్చికైన తోడేలులా ఉందని కొందరు స్పానిష్ ఫోటోగ్రాఫర్లు గుర్తుపట్టారు. తీసిన ఆయన ఒప్పుకోలేదు. విచారణ చేసిన న్యాయనిర్ణేతలు 2010 జనవరిలో పదివేల పౌండ్ల ఆ బహుమతిని రద్దు చేశారు. మళ్లీ 2018లో, అదే పోటీలో అంతకు ముందు ఏడాది గెలిచిన బ్రెజిల్ యాంట్‌ఈటర్ (చీమలు తినే జంతువు) ఫోటో కూడా అలాగే రద్దయింది. మిణుకుమిణుకుమనే పురుగులతో మెరుస్తున్న చెదలపుట్ట, దాని పక్కన ఆ జంతువు. ఒళ్లంతా మచ్చలూ, వెంట్రుకల కుచ్చులూ, నిలబడిన తీరూ, అన్నీ ఒక జాతీయ పార్కు ముఖద్వారం దగ్గరున్న గడ్డి కూరిన బొమ్మతో సరిపోయాయని నిపుణులు తేల్చారు. ఆ ఫోటోగ్రాఫర్ కూడా ఆరోపణను కాదన్నాడు. రెండు చోట్లా ఫోటోను ఫోటోగా చూసిన కళ్లు మోసపోయాయి, ప్రాణిని ప్రాణిగా చూసిన కళ్లు నిలదీశాయి.

శామీర్‌పేటలో తోడేళ్లు లేకపోవచ్చు, జింకల పార్కు ఉంది. జవహర్ జింకల పార్కులో చుక్కల జింకలు, నెమళ్లు ఉన్నాయి. పిల్లలతో వెళ్లి చూడదగ్గ చోటు, ఫోటోగ్రఫీ నేర్చుకునేవారికి మంచి బడి కూడా. కంచె లోపలి జింక కదలికలను గమనిస్తూ చేయి తిరిగేలా సాధన చేయడంలో తప్పేమీ లేదు. కంచెను కత్తిరించి, ఆకుల మధ్య జింక మొహాన్ని మాత్రం ఉంచి, ‘అడవిలో ఒక ఉదయం’ అని పేరు పెట్టినప్పుడే తప్పు మొదలవుతుంది. అంతర్జాతీయ ఫోటోగ్రఫీ సంస్థలు ఫియాప్, ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా, రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ కలిసి ప్రకృతి ఫోటోకు ఒకే నిర్వచనం రాసుకున్నాయి. 2015 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. ఫోటో అందంకన్నా అది చెప్పే ప్రకృతి కథకే ఎక్కువ విలువ ఇవ్వాలనీ, ఉన్నదాన్ని తుడిచేయడం, లేనిదాన్ని అతికించడం కుదరదనీ అందులో ఉంది. స్వేచ్ఛగా తిరిగే ప్రాణి అయితేనే ‘వన్యప్రాణి’ విభాగంలోకి వస్తుంది. జూల్లో, పార్కుల్లో ఉన్నవి రావు. పోటీలకు వెళ్లని మనకూ ఈ గీత ఉపయోగపడుతుంది. జింక ఫోటో చూపించినవారిని ‘ఇది పార్కులో తీసిందా, బయట తీసిందా?’ అని అడగడం అవమానించడం కాదు. ‘పార్కులోనే’ అని నిబ్బరంగా చెప్పగలిగినవారి ఫోటో నిజాయతీగల ఫోటో.

ఇంత పట్టింపు ఎందుకు, సరదాకి తీసుకునే ఫోటోలే కదా అని అడగవచ్చు. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి హైదరాబాద్ పక్షుల సర్వే చేశాడు. ఆ రోజుల్లో ఒక పక్షి ఫలానా చోట ఉందని రుజువు చేయాలంటే దాన్ని కాల్చి, చర్మం ఒలిచి, చీటీ కట్టి భద్రపరచాల్సిందే. ఈ రోజు ఆ రుజువును కెమెరా ఇస్తోంది, పక్షి ఎగిరిపోతోంది. ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది. మన చెరువుల దగ్గర కూడా ఔత్సాహికులు బైనాక్యులర్లతో, కెమెరాలతో పాల్గొంటారు. హైదరాబాద్ పక్షి ప్రేమికులు 1980లో ‘బర్డ్ వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ పెట్టుకుని, ‘పిట్ట’ అనే పత్రికలో ఎవరు ఎక్కడ ఏ పక్షిని చూశారో రాసుకుంటూ వచ్చారు. తుపాకీ స్థానంలోకి కెమెరా వచ్చిన చోట ఫోటో అబద్ధం చెబితే, లెక్క కూడా అబద్ధమవుతుంది. ఒక చెరువులో తీసిన పక్షిని మరో చెరువులో తీశానని చెప్పుకోవడం చిన్న గొప్ప కోసం చేసే పనే కావచ్చు. ఆ చెరువును కాపాడమని రేపు ఎవరైనా అడిగేటప్పుడు చేతిలో ఉండే సాక్ష్యాన్ని అది పాడుచేస్తుంది.

ఈ ప్రాంతంలో వినబడే విమర్శల్లో నాకు అన్నిటికన్నా అభ్యంతరకరంగా తోచేది ఒకటుంది: ‘వెనక ఆ బిల్డింగు లేకపోతే బాగుండేది.’ మేడ్చల్–మల్కాజిగిరి 2016లో జిల్లా అయింది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, జీనోమ్ వ్యాలీ వచ్చింది, విశ్వవిద్యాలయాలు వచ్చాయి, వాటి వెంట వెంచర్లు వచ్చాయి. పసిరిక పిట్ట కరెంటు తీగ మీద కూర్చుంటుంది, ఏట్రింత ప్లాటు హద్దురాయి మీద కూర్చుంటుంది, కొంగ గుర్రపుడెక్క మీద నడుస్తుంది. వెనక క్రేను ఉంటుంది. ‘వెనకంతా నున్నగా, ఆకుపచ్చగా, మసకగా’ ఉండాలన్న అలవాటు ఎంతగా పాతుకుపోయిందంటే, ఫోటోగ్రాఫర్లు మంచి పక్షిని తీగ మీద చూసి కెమెరా దించేసుకుంటున్నారు. పోటీ నియమాల్లో మనిషి కట్టినవి కనబడకూడదని ఉన్నా, అవి ప్రకృతి కథలో భాగమైతే ఉండవచ్చన్న మినహాయింపూ అక్కడే ఉంది. శామీర్‌పేటలో అవి కథలో భాగం. వెనక భవనం పక్షి తల మీద నుంచి మొలిచినట్టుంటే అది కూర్పులో లోపం. రెండడుగులు పక్కకు జరగమని చెప్పాలి. భవనం ఉండటమే లోపమని చెప్పడం మాత్రం ఉన్న ఊరిని దాచిపెట్టమనడమే. ఇరవై ఏళ్ల తర్వాత ఈ చెరువు ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునేవారికి ఆ నున్నటి ఆకుపచ్చ మసక ఏమీ చెప్పదు.

దసరా రోజు పాలపిట్ట సంగతీ ఇక్కడే చెప్పాలి. పండగనాడు పాలపిట్టను చూస్తే శుభమని మన నమ్మకం. పొలాల్లోకి, చెరువు గట్లకు వెళ్లి ఎగిరేదాన్ని చూసి దండం పెట్టుకోవడం పాత ఆచారం. ఊళ్లు నగరాలయ్యాక పిట్టలను పట్టి, కాళ్లు కట్టి, పంజరాల్లో తెచ్చి డబ్బులకు చూపించడం మొదలైంది. 2014లో తెలంగాణ రాష్ట్ర పక్షిగా ప్రకటించిన పిట్ట అది. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం నేరం. పండగ పూట చేతి మీద కూర్చున్న పాలపిట్ట ఫోటో మీ ముందుకు వస్తే, నీలి రెక్కల రంగు ఎంత బాగా వచ్చిందో చెప్పకండి. ఏ పాలపిట్టా తనంతట తాను మనిషి చేతి మీద కూర్చోదు.

వీటన్నిటికీ ఎదురయ్యే మొదటి అభ్యంతరం, అందం ఎవరి కంటికి వారిదే కదా, ఒకరి ఇష్టాన్ని ఇంకొకరు ఎలా తప్పుపడతారు అని. ఇష్టం విషయంలో ఈ మాట నిజమే. సూర్యాస్తమయంలో నారింజ రంగు నాకు ఎక్కువనిపించవచ్చు, మీకు సరిపోయిందనిపించవచ్చు. ఆ చర్చ తేలదు, తేలనక్కర్లేదు. కొంగ వీపు మీద ఈకలు కనబడుతున్నాయా లేదా అన్నది ఇష్టం కాదు. తీతువు బెదిరిందా లేదా అన్నది ఇష్టం కాదు. జింక కంచె లోపల ఉందా బయట ఉందా అన్నది అసలే కాదు. ప్రాణితో మొదలుపెట్టిన విమర్శకు నిలబడటానికి గట్టి నేల దొరుకుతుంది. ఇష్టాయిష్టాలతో మొదలుపెట్టినది వాదన దగ్గరే ఆగిపోతుంది.

రెండో అభ్యంతరం నిజంగా బరువైనది. కొత్తగా కెమెరా పట్టినవారు మనసు చిన్నబుచ్చుకుని మానేస్తారని, పెద్దవారిని తప్పుపడితే మర్యాద కాదని అంటారు. మన దగ్గర వయసు, హోదా చిన్న విషయాలు కావు. రిటైరైన సార్ తీసిన ఫోటోలో తప్పుందని ఇంజినీరింగ్ చదివే కుర్రాడు నలుగురి ముందు అనలేడు, అనకూడదు కూడా. కానీ ప్రశ్న అడగడానికి మన భాషలో ఎప్పుడూ చోటుంది. ‘సర్, పిట్ట కన్ను మీద వెలుతురు చుక్క పడలేదు, మీరు నిలబడిన వైపు నుంచి ఎండ దాని వెనక ఉందా?’ అని అడిగితే గౌరవం తగ్గదు. ఆ సార్‌కే సమాధానం చెప్పడంలో సంగతి బోధపడుతుంది. కొత్తవారి విషయంలో రెండు నియమాలు చాలు. ఒకసారికి ఒక్క విషయమే చెప్పాలి. పది తప్పులున్నా, దిద్దుకుంటే ఎక్కువ మేలు జరిగేదొక్కటే చెప్పాలి. బాగున్నదాన్ని కూడా అంతే కచ్చితంగా చెప్పాలి. ‘బాగుంది తమ్ముడూ’ అంటే ఏది బాగుందో ఆ పిల్లవాడికి తెలియదు. ‘పిట్ట చూస్తున్న వైపు ఖాళీ వదిలావు, అందుకే అది ఎగరబోతున్నట్టుంది’ అంటే అతడు ఆ పని మళ్లీ చేస్తాడు. ఉత్త పొగడ్త మనసు నొప్పించదు, నిజమే. ఎదగనివ్వదు కూడా. మానేసేవాళ్లలో చాలామంది విమర్శకు భయపడి మానరు, మూడేళ్లు తీసినా ఫోటోలు ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉన్నాయని విసిగి మానేస్తారు.

‘నువ్వు తీసి చూపించు, అప్పుడు మాట్లాడు’ అనేవారూ ఉంటారు. వంట రానివారికీ ఉప్పు ఎక్కువైందని తెలుస్తుంది. పైగా ప్రకృతి ఫోటోకు ఉత్తమ విమర్శకుడు ఒక్కోసారి కెమెరా ముట్టనివాడే. చెరువులో వల వేసే మనిషికి ఏ కొంగ ఎప్పుడు ఎక్కడ వాలుతుందో తెలుసు. మేకలు కాసేవారికి కౌజుపిట్టల సంగతి తెలుసు. వాళ్లకు ఫోటో చూపించి అడిగితే, ‘ఇది ఈ రుతువుల కనిపించదు కదా’ అన్న ఒక్క మాటలో తేలిపోయే విషయాలుంటాయి.

విమర్శ పుచ్చుకోవడం ఇవ్వడం కన్నా కష్టం. మొదటి కష్టం నోరు కట్టుకోవడం. ఎవరైనా లోపం చెప్పగానే, నాలుగింటికి లేచాననీ, మంచు కమ్మిందనీ, కుక్క అడ్డం వచ్చిందనీ మొదలుపెడతాం. ఆ కష్టం నిజమే, కానీ అది ఫోటోలో లేదు. చూసేవారికి ఫోటో ఒక్కటే కనబడుతుంది. కాబట్టి చెప్పేదంతా విని, అర్థం కానిదాన్ని మాత్రం అడిగి, ఆ రోజుకు అక్కడితో ఆపాలి. రెండు మూడు రోజులాగి అదే ఫోటోను పెద్ద తెర మీద మళ్లీ చూస్తే, చెప్పిన మాట నిజమో కాదో మన కంటికే తెలుస్తుంది. ఇద్దరు రెండు రకాలుగా చెబితే అయోమయపడనక్కర్లేదు. ఒకరు ‘కుడిపక్క కత్తిరించు’ అంటారు, ఇంకొకరు ‘కుడిపక్క కొమ్మను ముదురు చెయ్యి’ అంటారు. మందు వేరైనా ఇద్దరి వేలూ ఒకే చోటును చూపిస్తోంది, కుడిపక్క ఏదో కన్ను లాగుతోందని. ఆ చోటును నమ్మండి. మందు మీరు వెతుక్కోండి. చెప్పినదంతా పాటించాలనే నియమమేమీ లేదు. పాటించకూడదని నిర్ణయించుకున్నప్పుడు కారణం మీకు తెలిసి ఉంటే చాలు.

మీట నొక్కితే అక్కర్లేని కొమ్మను మాయం చేసి, లేని ఆకాశాన్ని అల్లి పెట్టే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఫోన్లోనే ఉన్నాయి. వాటితో ఫోటోలో చాలా లోపాలు కనబడకుండా పోతాయి. వెలుతురు, రంగు, నున్నదనం గురించి చెప్పే విమర్శకు ఇక పనే మిగలకపోవచ్చు. మిగిలేది ఒక్కటే: ఆ పక్షి అక్కడ నిజంగా ఉందా, మనం వెళ్లినందుకు దానికేమైనా అయిందా? వచ్చే చలికాలం వలసపక్షులు దిగినప్పుడు, శామీర్‌పేటలోనో మేడ్చల్ పక్క చెరువులోనో తీసిన ఫోటోను ఎవరైనా మీ చేతికిస్తే, ‘సూపర్’ అనండి, బాగుంటే తప్పకుండా అనండి. దానికి ముందు మాత్రం ‘అన్నా, ఎంత దూరం నుంచి తీసిండ్రు?’ అని అడగండి.